మిర్రర్ పెడితే వేరే బ్యాకప్ అక్కర్లేదా?

విజయనగరం వాసి:
మా నాన్నగారి తప్పెటగుళ్ల బృందం ప్రదర్శనల వీడియోలు, ఇరవై ఏళ్ల సిరిమానోత్సవం ఫోటోలు కలిపి సుమారు 2.5 టీబీ ఉన్నాయి. రెండు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే పెట్టె) కొని, రెండు 4 టీబీ డిస్కులు వేసి మిర్రర్ (ఒకదానిలో ఎక్కినదంతా రెండోదానిలోనూ ఎక్కే ఏర్పాటు) పెడదామనుకుంటున్నాను. ఒకటి పోయినా రెండోది ఉంటుంది కదా, ఇక బ్యాకప్ దేనికి? మా బావ మాత్రం ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

పలాస:
మీ బావగారిదే సరైన మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా దగ్గరే తీరం దాటింది. పైకప్పు రేకులు లేచిపోయి, బీరువా మీదున్న నాస్‌లోకి నీళ్లు ధారకట్టాయి. ఒకే పెట్టెలో ఉన్న రెండు డిస్కులూ ఒకేసారి తడిశాయి. కరెంటు వచ్చాక చూస్తే ఒకటి తిరగనే లేదు, రెండోది టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. అమ్మ పెళ్లి ఫోటోలు అందులోనే ఉన్నాయి. అక్కకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన నలభై ఫోటోలే ఇప్పుడు మాకు మిగిలాయి.

రాజాం:
మీ కష్టం విని బాధేసింది. అయినా ఒక మాట. చేత్తో కాపీ చేసుకునేవాళ్లు రెండు నెలలు చేస్తారు, ఆపైన మరచిపోతారు. నేనూ అలాగే మరచిపోయి పదకొండు నెలల ఫోటోలు పోగొట్టుకున్నాను. మిర్రర్‌కు మన జ్ఞాపకశక్తితో పని లేదు. నిరుడు ఒక డిస్కు చెడిపోతే కొత్తది వేసి పడుకున్నాను, తెల్లారేసరికి మొత్తం ఎక్కేసింది. పొరపాటున ఏదైనా చెరిపేస్తే రెండింటిలోనూ పోతుందంటారా, దానికి స్నాప్‌షాట్లు (ఫైళ్లు ఫలానా సమయానికి ఎలా ఉన్నాయో నాస్ గుర్తుంచుకునే ఏర్పాటు) ఉన్నాయి.

పలాస:
స్నాప్‌షాట్లు కూడా ఆ డిస్కుల మీదే ఉంటాయి కదండీ! వాన నీళ్లొచ్చినా, దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోయినా అవి ఏం కాపాడతాయి? మరచిపోతామన్నది మాత్రం నిజమే. యూఎస్‌బీ డిస్కు తగిలించగానే దానంతటదే కాపీ చేసుకునే ఏర్పాటు చాలా నాస్‌లలో ఉంది, అది పెట్టుకోండి. డబ్బు రెండు డిస్కులకే సరిపోతే నాస్‌లో ఒకటే వేసి, రెండోది వేరే ఊళ్లో ఉంచండి.

బొబ్బిలి:
ఎలా పెట్టినా కరెంటు సంగతి చూసుకోండి. ఇంటి ఇన్వర్టర్‌కు తగిలిస్తే దాని వెనక ఉండే మీట యూపీఎస్ వైపు ఉండాలి, లేకపోతే కరెంటు పోయిన క్షణంలో నాస్ ఆగిపోవచ్చు. అంతకన్నా యూఎస్‌బీ తీగతో నాస్‌కు కలిసే చిన్న యూపీఎస్ మేలు. బ్యాటరీ అయిపోతోందని అది ముందే చెబుతుంది, నాస్ పద్ధతిగా ఆగుతుంది. డిస్కులు సీఎంఆర్ రకమేనా (డేటా వరసలు ఒకదానిమీదొకటి ఎక్కకుండా రాసేవి) అని అడిగి కొనండి. ఆ వరసలు కొంత ఒకదానిమీదొకటి ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ రకమైతే చెడిపోయిన డిస్కు మార్చినప్పుడు మళ్లీ నిండడానికి చాలా ఆలస్యమవుతుంది.

విజయనగరం వాసి:
మిర్రర్ మానుకోవడానికి మనసు రావడం లేదు. మూడో డిస్కు కూడా కొని, ఆమదాలవలసలో బావ వాళ్ల డాబా ఇంట్లో ఉంచుతాను. పైడితల్లి పండక్కి ఆయన ఎలాగూ వస్తాడు, అప్పుడు తెప్పించి కొత్తవి ఎక్కిస్తాను.

రాజాం:
ఏడాదికొకసారి చాలదండీ. సంక్రాంతికీ, ఉగాదికీ కూడా రమ్మనండి.