అద్దె ఇంట్లో పెంపుడు కుక్కకు అనుమతి ఇవ్వవచ్చునా?

ఫ్లాటు యజమాని, మియాపూర్:
మా రెండు పడకగదుల ఫ్లాటు గత నెలలో ఖాళీ అయింది. అద్దెకు అడుగుతున్న దంపతులు రెండు నెలల అద్దెను అడ్వాన్సుగా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. అయితే తమకు ఐదేళ్ల లాబ్రడార్ ఉన్నదని వారు మొదటి మాటలోనే చెప్పారు. హాలులో పరిచినది పాలరాయి, తలుపులు టేకువి. కాదనడానికి మనసు రావడం లేదు, సరేననడానికి ధైర్యం చాలడం లేదు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

మరో యజమాని, కూకట్‌పల్లి:
వారు ముందే చెప్పారన్న ఒక్క సంగతికే నేను సగం మార్కులు వేస్తాను. ఆరేళ్ల క్రితం నేను ఒప్పందంలో పెంపుడు జంతువులు కూడదని రాయించి ఇల్లు అద్దెకిచ్చాను. పదకొండు నెలలూ ఆ ఇంట్లో ఒక పిల్లి ఉన్నదని, నేను అద్దె కోసం వెళ్లిన ప్రతిసారీ దానిని స్నానాలగదిలో పెట్టి గడియ వేసేవారని ఇల్లు ఖాళీ చేశాకగానీ తెలియలేదు. బాల్కనీ దోమతెర కింది అంచు పీలికలై వేలాడుతున్నది, వంటగదిలో సింకు కింది ప్లైవుడ్ అర మూత్రంతో ఉబ్బి, ఎంత కడిగినా వాసన వదలలేదు. దాచుకోవలసిన అవసరం లేకపోతే తెర చిరిగిన రోజే వారు నాకు ఫోన్ చేసి ఉండేవారని నా నమ్మకం. నా నిషేధం నా ఇంటిని కాపాడలేదు, ఆ మూగజీవాన్ని మాత్రం చీకట్లో కూర్చోబెట్టింది.

అందుచేత కుక్కలకు ఇవ్వవచ్చునా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఈ కుక్కను చూడండి. వారు ఇప్పుడున్న ఇంటికి చెప్పి వెళ్లండి. గుమ్మం చెక్క మీద గోళ్ల గీతలున్నాయా, కొత్తవారిని చూసి అది ఎంతసేపు మొరిగింది, పగలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు దానిని ఎవరు చూస్తారు అన్నవి అక్కడ పది నిమిషాల్లో తెలిసిపోతాయి. ఏటా వేయించవలసిన రేబిస్ టీకా కార్డును అడిగి చూడండి. పాలరాయి విషయంలో మీ భయం న్యాయమైనదే. మూత్రం నిలిస్తే ఆ రాయికి మరక పడుతుంది, పాలిష్ చేయించక తప్పదు. ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో విడిగా రాయించండి, ఇల్లు అప్పగించే రోజున ప్రతి గదికీ ఇద్దరూ కలిసి ఫొటోలు తీసుకోండి.

సంఘం కార్యదర్శి, నిజాంపేట:
యజమాని పాలరాయి గురించి ఆలోచిస్తాడు, కింది అంతస్తువాళ్ల గురించి ఎవరు ఆలోచించాలి? మా భవనంలో మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని ఒక పెద్దావిడ, లిఫ్టులో కుక్క కనబడితే మళ్లీ ఇంట్లోకి వెళ్లిపోతున్నారు. అద్దె తీసుకునేది ఒకరు, భయపడేది మరొకరు. అందరం కలిసి తీర్మానం చేసి నిషేధిస్తే తప్పేమిటి?

మరో యజమాని, కూకట్‌పల్లి:
ఆ పెద్దావిడ భయం నిజమైనది, దానిని తేలికగా తీసుకోకూడదు. అయితే మెజారిటీ సభ్యులు తీర్మానించినా పెంపుడు జంతువులను నిషేధించడం కుదరదని, లిఫ్టును నిరాకరించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. బయట కుక్కను గొలుసుతో పట్టుకోవాలని, అది చేసిన మలినాన్ని పెంచుకునేవారే ఎత్తాలని కూడా అవే సలహా ఇస్తున్నాయి. ఎవరికి అద్దెకివ్వాలన్నది యజమాని ఇష్టం, దానికీ సంఘం నిషేధానికీ తేడా ఉన్నది. మీ భవనంలో లిఫ్టు దగ్గర ఎవరైనా ఎదురుచూస్తుంటే కుక్కతో ఉన్నవారు ఆగి, వారిని ముందు వెళ్లనివ్వాలని నియమం పెట్టండి. పెద్దవారు ముందుగా కబురు చేస్తే వాచ్‌మన్ తోడు వెళ్లే ఏర్పాటు కూడా చేయవచ్చు. మా భవనంలో ఈ రెండూ అమలులో ఉన్నాయి.

ఫ్లాటు యజమాని, మియాపూర్:
ఆదివారం ఉదయం వారింటికి వస్తానని చెప్పాను. టీకా కార్డు తీసి ఉంచుతామన్నారు. ఒప్పందం రాయించేముందు మా కింది అంతస్తు కుటుంబంతో కూడా మాట్లాడతాను, ఆ పని నాకు ముందే తోచి ఉండవలసింది.