‘శకునము చెప్పుదానిని’: నాయనమ్మ చదివిన మాట ఇదేనా?

గుండ్లకమ్మ:
మా నాయనమ్మ సాయంత్రం దీపం పెట్టాక బైబిలు పైకి చదివేది. ఆమె గొంతుతో నా చెవిలో ఉండిపోయిన వాక్యం ఇది: ‘చిల్లంగిదానిని బ్రదుకనియ్యకూడదు.’ చిల్లంగి అంటే చేతబడి. ఆ చోటికి వచ్చేసరికి స్వరం తగ్గించేది. మొన్న నిర్గమకాండం 22:18 తీసి చూస్తే ‘శకునము చెప్పుదానిని బ్రదుకనియ్యకూడదు’ అని ఉంది. వారం రోజులుగా మనసు మనసులో లేదు. పాత ముద్రణల్లో ‘చిల్లంగి’ ఉండేదా? లేక నేనే కలిపేసుకున్నానా?

తుంగభద్ర:
కలిపేసుకున్నది మీరు కాదేమో, నాయనమ్మ గారేమో. ద్వితీయోపదేశకాండం 18:10 చూడండి. శకునము చెప్పు సోదెగాడు, మేఘశకునములు, సర్పశకునములు, ఆ తరువాత ‘చిల్లంగివానినైనను’. హీబ్రూలో అక్కడున్నది ‘మెఖష్షేఫ్’, పుంలింగం. నిర్గమకాండంలో ఉన్నది దాని స్త్రీలింగ రూపమే, ‘మెఖష్షేఫా’. ధాతువు ఒకటే. మగవాడైతే చిల్లంగివాడు, ఆడది అయితే శకునము చెప్పునది! నాయనమ్మ గారు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, అనువాదకుల కంటే మూలానికి దగ్గరగా చదివారు.

సీలేరు:
చిల్లంగి మా వైపు మాట. మన్యం వార్తల్లో ‘చిల్లంగి నెపంతో’ అన్న శీర్షిక ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ 1805లో దిగింది విశాఖపట్నంలోనే. ఆనందరాయరు సాయంతో వాళ్లు సువార్తలు తెనిగించడం మొదలుపెట్టింది కూడా అక్కడే. ఆ ఊరి పలుకుబడే తరువాతి అనువాదాల దాకా పారిందని నా నమ్మకం. అనువాదం బళ్లారిలో మొదలై ఉంటే ఆ చోట ‘శూన్యం’ ఉండేది, అక్కడ చేతబడికి అదే మాట.

తుంగభద్ర:
మా వైపు ‘శూన్యం పెట్టడం’ నిజమే. తమిళుల ‘సూనియం’, ‘సూనియక్కారి’ కూడా దాని చుట్టాలే. కానీ మిషనరీలు ఒక ఊరి మాట కోసం వెతకలేదు. మేఘశకునం, సర్పశకునం అన్నవి చూడండి. హీబ్రూలో ‘అనాన్’ అంటే మేఘం, ‘నాహాష్’ అంటే సర్పం. ధ్వని పోలికను పట్టుకుని చేసిన విద్వదనువాదం అది. ఆ గదిలో నిఘంటువు ఉంది, ఊరు లేదు.

సీలేరు:
మేఘానికీ సర్పానికీ నిఘంటువు సరిపోతుంది. చిల్లంగి మాత్రం ఏ సంస్కృత పండితుడి నోటినుంచీ రాదు.

మంజీర:
చిల్లంగిని కాసేపు పక్కన పెడదాం. నన్ను గుచ్చేది ‘దాని’. మన వ్యాకరణంలో ఏకవచనంలో స్త్రీ అమహత్తుతో, అంటే జంతువులతో, వస్తువులతో కలిసిపోతుంది. ‘చెప్పుదానిని’ అంటే మనిషే కానక్కరలేదు. బహువచనంలోనే ఆమె ‘వారు’ అవుతుంది. లాటిన్ బైబిలు ఈ వాక్యాన్ని బహువచనంలోకి, అదీ పుంలింగంలోకి మార్చింది: ‘మలెఫికోస్’, కీడు చేసే మాంత్రికులు అని. ఆ దారిన వచ్చి ఉంటే మనకు ‘చెప్పువారిని’ అని ఉండేది. ఆడా మగా తేడా తెలిసేదే కాదు.

ఈ అక్షరం చిన్నది కాదు. 1486లో జర్మన్ మతాధికారి క్రామర్ అచ్చువేసిన మంత్రగత్తెల వేట గ్రంథం పేరులోనే స్త్రీలింగ ‘మలెఫికారుం’ ఉంది, పుంలింగ ‘మలెఫికోరుం’ కాదు. ఈ మతద్రోహాన్ని స్త్రీల పేరుతోనే పిలవాలి, పురుషుల పేరుతో కాదు అని లోపల విడిగా వాదించాడు కూడా. ఒక్క ‘కా’! ఐరోపాలో మూడు శతాబ్దాల్లో ఈ నేరం మీద చంపినవాళ్లు 40 వేల నుంచి 60 వేల మంది అని చరిత్రకారుల అంచనా. అందులో ముప్పాతిక వంతు స్త్రీలు.

గోస్తనీ:
అక్షరమే అంత పని చేసిందంటే ఐస్‌లాండు సంగతి ఏమిటి? 17వ శతాబ్దంలో అక్కడ కాల్చి చంపినవాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే. యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ కూడా ఈ స్త్రీలింగాన్ని అప్పుడే తేల్చేసింది: శిక్ష స్త్రీపురుషులిద్దరికీ ఒకటే, ఈ పని ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు కాబట్టి అలా చెప్పారు అని.

మంజీర:
తేల్చిందంటారా? ‘ఎక్కువగా ఆడవాళ్లే’ అన్న ఆ సమాధానంలోనే నిప్పు ఉంది గోస్తనీ గారూ.

గోస్తనీ:
సరే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ అసలు చిక్కు క్రియలో ఉంది. చుట్టుపక్కల శాసనాల్లో ‘మరణశిక్ష నొందవలెను’ అని సూటిగా ఉంటే, ఇక్కడ మాత్రం ‘బ్రదుకనియ్యకూడదు’. హీబ్రూలోనూ ఇదే తేడా. చంపమనడమా, బ్రతుకుతెరువు లేకుండా చేయమనడమా? తెలుగు ‘బ్రతుకు’లో ప్రాణమూ ఉంది, జీవనోపాధీ ఉంది. ఇంత గొప్పగా అమరిన మాట ఇంకే భాషలోనైనా ఉందా అని నా సందేహం.

తుంగభద్ర:
అమరింది కాదు, తప్పించుకోలేకపోయింది. నామవాచకం దగ్గరే ఎన్ని ప్రాణాలు పోయాయో! గ్రీకు బైబిలులో ఆ చోట ‘ఫార్మకూస్’ ఉంది, మందుమాకులు కలిపేవాళ్లు అని అర్థం. 1584లో రెజినాల్డ్ స్కాట్ దీన్నే పట్టుకుని, ఇది విషం పెట్టేవాళ్ల మాట, ఊళ్లో ముసలమ్మల మాట కాదు అని పుస్తకమే రాశాడు. 1597లో స్కాట్లండు రాజు జేమ్స్ అతన్ని ఖండిస్తూ తన పుస్తకం వేశాడు. అదే రాజు పేరుతో 1611లో వచ్చిన ఇంగ్లీషు బైబిలులో ఆ చోట ‘విచ్’ నిలిచింది. అమెరికాలోని సేలంలో 1692లో 19 మందిని చంపిన న్యాయమూర్తులు చదువుకున్న సమాజంలో ఆ వాక్యం అందరి నోటా ఉండేది. (సినిమాల్లో చూపినట్టు అక్కడ ఎవరినీ కాల్చలేదు, ఉరి తీశారు.)

కృష్ణాతీరం:
ఇంత దూరం వెళ్లారు గానీ ‘శకునం’ దగ్గర ఎవరూ ఆగలేదు. శకునం అంటే ముందు పక్షి, తరువాతే సూచన. శకుంత పక్షులు కాపాడాయి కాబట్టే శకుంతల. ఏ పక్షి ఎటు ఎగిరిందో చూసి చెప్పడమే శకునం చెప్పడం.

ఇక్కడ జాషువాను తలచుకోకుండా ఉండలేను. ఇంట్లోకి వస్తే అరిష్టమని తరిమేసే గబ్బిలాన్ని 1941లో ఆయన దూతను చేశాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషికి గుడిలోనే వేలాడే గబ్బిలం దొరికింది. అపశకునమని ముద్ర వేసిన ప్రాణి చేతికే శివుడికి చెప్పుకోవలసిన మొర అప్పగించడం! ‘శకునము చెప్పుదానిని’ అన్న వాక్యం ఆ కవి ఎన్నిసార్లు విని ఉంటాడో అనిపిస్తుంది నాకు.

సీలేరు:
గబ్బిలం పక్షేనా అన్న చర్చ మొదలవకముందే ఆపండి కృష్ణాతీరం గారూ.

కృష్ణాతీరం:
మొదలవనివ్వండి. జాషువా కోసం ఒక సాయంత్రం పోతే నష్టమేమీ లేదు.

మంజీర:
నేను ‘దాని’ దగ్గరే ఆగిపోయాను, ఎందుకో చెబుతాను. చేతబడికి మా మెదక్ వైపు మాట ‘బాణామతి’. మరాఠీలో ‘భానామతీ’. ‘భా’ పోయి ‘బా’, ‘నా’ పోయి ‘ణా’ వచ్చేసరికి మా వాళ్ల మనసులో అది బాణమైంది, ఎవరో తమ మీదికి విసిరినదైంది. ఈ మాట పడ్డవాళ్ల పళ్లు ఊడగొట్టడం మా పక్క ఊళ్లలో విన్నాను, పత్రికల్లోనూ చదివాను. పళ్లే ఎందుకు? పళ్లు లేకపోతే మంత్రం స్పష్టంగా పలకదని. త, థ, ద, ధ, న. దంత్యాలు పోతే మంత్రం చెడుతుందన్న శిక్షాశాస్త్రం, అంటే ఉచ్చారణ శాస్త్రం, ఆ గుంపుకు ఎవరు నేర్పారు? మనం ఇక్కడ ‘న’కారమా ‘ణ’కారమా అని తర్కించుకుంటాం. అక్కడ ఒక ముసలామె నోట్లో ఆ అక్షరమే లేకుండా చేశారు. చిన్నప్పుడు అటువంటి ఒక అవ్వను చూశాను. ‘దానిని’ అన్న మాట ఆమె నోట పలికేది కాదు.

తుంగభద్ర:
మంజీర గారూ, దీని తరువాత నేను రాయబోయినదంతా చెరిపేశాను.

గుండ్లకమ్మ:
మా పెద్దత్తకు ఫోను చేశాను. నాయనమ్మ ఎప్పుడూ పుస్తకంలో ఉన్నదే చదివేదట, చిల్లంగి అన్నది నా కల్పనేనట. చిన్నత్త మాట వేరు. బుట్టలు అమ్ముకుంటూ, ఎరుక చెబుతూ వచ్చే ఒకామె మా అరుగు మీద పడుకునేదట. ఆమె ఉన్న రోజుల్లో నాయనమ్మ ‘శకునము చెప్పుదానిని’ అని చదవలేక మాట మార్చి, గొంతు తగ్గించి దాటేసేదట. ఇద్దరూ అదే ఇంట్లో పెరిగినవాళ్లే. పుస్తకం మా బాబాయి దగ్గర ఉంది. మొదటి పుటలు ఊడిపోయాయట, ఏ సంవత్సరం ముద్రణో తెలియదు.

సీలేరు:
ద్వితీయోపదేశకాండం పుట ఉంటే ఫొటో పెట్టమనండి. ‘చిల్లంగి’యా, ‘చిల్లింగి’యా అన్నది చూడాలి. మా తాత ‘ల్లి’ అనేవాడు.

తుంగభద్ర:
‘ల్లి’ అయితే మీ విశాఖ వాదం పోయినట్టే.

సీలేరు:
ఎలా పోతుందో వివరంగా రాయండి, రేపు సమాధానం ఇస్తాను.