ష్రాప్‌షైర్‌లో లిస్టెడ్ ఇల్లు: కొనొచ్చా, వదిలేయాలా?

ష్రూస్‌బరీకి కొత్తగా వచ్చిన సభ్యుడి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మా ఆవిడకి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో ఈ మధ్యే ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ వచ్చాం. చర్చ్ స్ట్రెటన్ వైపు ఒక పల్లెలో ఇల్లు చూశాం. బయటికి కనిపించే నల్లటి దూలాలు, మధ్యమధ్య తెల్లటి గోడలు, వెనక పాత కొట్టం. ఇద్దరికీ తెగ నచ్చింది. తీరా అడిగితే గ్రేడ్ టూ లిస్టెడ్, అంటే చారిత్రక కట్టడంగా ప్రభుత్వ జాబితాలో ఉన్న ఇల్లు, అన్నారు. ఆఫీసులో ఒకాయన "గోడకి మేకు కొట్టినా జైలే, ఆ జోలికి పోకండి" అని భయపెట్టాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

లడ్లో నుంచి:

తమ్ముడూ, మేకుకి జైలు లేదు. అయితే ఆ మాట ఊరికే పుట్టలేదు. 1990 నాటి చట్టం ప్రకారం, లిస్టెడ్ భవనం స్వరూపాన్ని మార్చే పని ఏదైనా చేయాలంటే ముందు స్థానిక కౌన్సిల్ నుంచి లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ అనే అనుమతి తీసుకోవాలి. తీసుకోకుండా చేస్తే అది క్రిమినల్ నేరం. పెద్ద కోర్టు దాకా వెళ్తే 2 ఏళ్ల వరకు జైలు, పరిమితి లేని జరిమానా ఉండొచ్చు. దరఖాస్తుకి మాత్రం ఫీజు లేదు. మామూలుగా 8 వారాల్లో తేల్చాలి.

ఇక్కడ మూడు తరగతులు: గ్రేడ్ వన్, గ్రేడ్ టూ స్టార్, గ్రేడ్ టూ. దేశంలోని లిస్టెడ్ భవనాల్లో నూటికి 90కి పైగా గ్రేడ్ టూవే. 1700కి ముందు కట్టి, అప్పటి రూపం చాలావరకు నిలుపుకున్నవి దాదాపు అన్నీ లిస్టులో ఉంటాయి. 1700 నుంచి 1850 మధ్య కట్టినవాటిలోనూ ఎక్కువ శాతం ఉంటాయి. మా లడ్లో ఒక్క ఊళ్లోనే 500 దాకా ఉన్నాయి. పాత ఇళ్లే ఎక్కువగా ఉన్న ఈ కౌంటీలో లిస్టెడ్ అన్న మాటకి బెదిరిపోతే మంచి ఇళ్లన్నీ వదులుకోవాల్సి వస్తుంది.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, రక్షణ వీధివైపు గోడకే అనుకుంటారు. కాదు. లోపలి మెట్లు, తలుపులు, పాత ప్లాస్టరింగ్, నిప్పుగూడు, అన్నీ కలిపే లిస్టెడ్. 1948 జూలై 1కి ముందు నుంచీ ఆవరణలో ఉన్న కట్టడాలు కూడా సాధారణంగా అందులోకే వస్తాయి. నువ్వు చెప్పిన వెనక కొట్టం, పెరటి ప్రహరీ కూడా అలాంటివే అయుండొచ్చు. చారిత్రక కట్టడాల జాతీయ జాబితా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. హిస్టారిక్ ఇంగ్లండ్ వాళ్లు నడుపుతారు. మీ ఇంటి పేరు కొట్టి చూడు. అందులో రాయలేదు కాబట్టి రక్షణ లేదని మాత్రం అనుకోకు.

కొనేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, దీన్ని తేలిగ్గా తీసుకోకు. పాత యజమాని అనుమతి లేకుండా చేసిన పనికి నిన్ను జైల్లో పెట్టరు గానీ, సరిచేయమని నోటీసు నీకే వస్తుంది. ఆ నోటీసుకి కాలపరిమితి లేదు. మాకు తెలిసిన ఒక కుటుంబం ఇల్లు కొన్నాక, ముందువాళ్లు చెప్పాపెట్టకుండా పెట్టించిన ప్లాస్టిక్ కిటికీలు తీయించి, చెక్క కిటికీలు చేయించుకోవాల్సి వచ్చింది. ఖర్చంతా వీళ్లదే. అందుకని కిటికీలు, వంటగది, అటక మీద గది, ఏవి కొత్తగా కనిపించినా వాటి కన్సెంట్ కాగితాలు చూపించమని మీ సాలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయరు) చేత రాతపూర్వకంగా అడిగించు. "అప్పట్లో అందరూ చేశారు" అంటే కుదరదు, కాగితం కావాలి.

రెండోది సర్వే. బ్యాంకు వాళ్ల వాల్యుయేషన్‌తో సరిపెట్టుకోకు. ఆర్‌ఐసీఎస్ (సర్వేయర్ల సంఘం) లెవెల్ 3 సర్వే, అంటే ఇంటిని అన్నిటికంటే లోతుగా పరీక్షించేది, చేయించు, అదీ చెక్క చట్రం ఇళ్లు చూసి చూసి చెయ్యి తిరిగినవాళ్లతో. ఆ తెల్ల గోడలు ఇటుకవి కాకపోవచ్చు. దూలాల మధ్య తడిక అల్లి, మట్టి మెత్తి, పైన సున్నం పూసి ఉంటారు. మన పాత మండువా ఇళ్లలో గానుగ సున్నం గోడలు చెమ్మని పీల్చి వదిలినట్టే ఇవీ ఊపిరి పీల్చుకుంటాయి. వీటి మీద ఎవరైనా సిమెంటు మెత్తితే నీళ్లు లోపలే చిక్కుకుంటాయి. అప్పుడు పైకి గోడ శుభ్రంగా కనిపిస్తుంది, వెనక ఓక్ దూలం గుల్లబారిపోతుంది. వెళ్లినప్పుడు గోడ కింది అంచు దగ్గర, దూలం నేలని తాకేచోట, వేలితో నొక్కి చూడు. మెత్తగా దిగితే జాగ్రత్తపడు. దూలానికీ గోడకీ మధ్య సందులో బూడిద రంగు గట్టి గీత కనిపిస్తే అది సిమెంటే.

పాతది ఎలా ఉందో అలాగే, అదే సామగ్రితో బాగుచేయించుకుంటే చాలావరకు కన్సెంట్ అక్కర్లేదు. అయినా పని మొదలెట్టకముందే కౌన్సిల్‌లో పాత కట్టడాలు చూసే కన్జర్వేషన్ ఆఫీసర్‌కి ఫోటోలతో మెయిల్ పెట్టడం మంచిది. సలహాకి రుసుము అడిగితే ఇచ్చెయ్యి, తర్వాత ఎంతో ఆదా అవుతుంది. వాళ్లని శత్రువుల్లా చూడొద్దు. ముందే అడిగేవాళ్లతో వాళ్లు మర్యాదగా ఉంటారు. 1877లో విలియం మోరిస్ మొదలుపెట్టిన పాత కట్టడాల పరిరక్షణ సంఘం, స్పాబ్, ఫోన్‌లో ఉచితంగా సలహా ఇస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలని ఎలా వెతుక్కోవాలో వాళ్లని అడుగు.

అటకలో గబ్బిలాలు ఉంటే కదపకు. వాటికి వేరే చట్టం ఉంది. అవి లేని రోజుల్లో కూడా వాటి గూడు పాడుచేయకూడదు.

టెల్ఫోర్డ్ నుంచి:

అన్నయ్య ఇల్లంతా చెప్పారు, నేను వంటగది సంగతి చెప్తాను. మన పోపు ఘాటుకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకపోతే ఇల్లంతా తుమ్ములే. కానీ లిస్టెడ్ ఇంటి గోడకి బయటికి రంధ్రం పెట్టాలంటే మామూలుగా కన్సెంట్ కావాలి. ఎక్కువమంది బొగ్గు ఫిల్టర్ పెట్టి గాలిని లోపలే తిప్పే చిమ్నీతో సర్దుకుంటారు. అది ఘాటుని పూర్తిగా ఆపదు తమ్ముడూ, కిటికీ తెరిచి వండుకోవాల్సిందే. ఇల్లు చూడ్డానికి మళ్లీ వెళ్లినప్పుడు వంటగది కిటికీ తెరుచుకుంటుందో లేదో చూడు. పాత కిటికీల మీద రంగు మీద రంగు వేసి బిగుసుకుపోయి ఉంటాయి.

సోలార్ పలకలు, గోడకి బిగించే కారు ఛార్జరు, టీవీ డిష్, ఇవన్నీ అడిగి చేయాల్సినవే. గుమ్మానికి తోరణం కట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాత కొక్కేలు ఉంటాయి, వాటికే కట్టు.

ప్రశ్న అడిగిన సభ్యుడు:

అన్నా, అక్కా, చాలా థాంక్స్. కాగితాలు అడిగిస్తాను. ఇంకో మాట. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, చరిత్ర అంటే పిచ్చి. పుట్టినరోజుకి మెటల్ డిటెక్టర్ కావాలంటున్నాడు. ఇక్కడ చుట్టుపక్కల చూపించదగ్గవి ఏమున్నాయి?

లడ్లో నుంచి:

డిటెక్టర్ కొనిపెట్టు, కానీ షెడ్యూల్డ్ మాన్యుమెంట్ల (చట్టం రక్షణలో ఉన్న పురాతన స్థలాల) మీద అనుమతి లేకుండా వాడటం 1979 చట్టం ప్రకారం నేరం. ఈ కౌంటీలో కొండల మీది కోటదిబ్బలు, పడమటి సరిహద్దున సాగే 8వ శతాబ్దపు ఆఫాస్ డైక్ మట్టికట్ట లాంటివి ఆ కోవలోకే వస్తాయి. చూస్తే మామూలు గట్టులా ఉంటాయి. మిగతా పొలాల్లోనైనా యజమానిని అడిగే దిగాలి.

ముందు ఐరన్‌బ్రిడ్జ్‌కి తీసుకెళ్లు. 1779లో నిలబెట్టిన వంతెన, ప్రపంచంలో పోత ఇనుముతో కట్టిన మొదటి పెద్ద వంతెన అదే. నడిచి దాటడానికి డబ్బేమీ అక్కర్లేదు. కిందికి దిగి, ఇనుప కమ్మీలు కలిసేచోట చూడమను. వడ్రంగి చెక్కని చెక్కలో దూర్చి చీలలు కొట్టినట్టే కలిపారు. ఇనుముతో అంత కట్టడం అంతకుముందు ఎవరూ కట్టలేదు, వాళ్లకి తెలిసిన విద్య అదే మరి. ష్రూస్‌బరీలోనే ఫ్లాక్స్‌మిల్ అనే పాత నార మిల్లు ఉంది, 1797 నాటిది. ఇనుప చట్రంతో లేచిన మొదటి భవనం. ఈనాటి ఆకాశహర్మ్యాలకి అదే మూలం. రాక్సిటర్‌లో రోమన్ నగరంలోని స్నానశాల గోడ ఒకటి పొలాల మధ్య ఇంకా నిలబడి ఉంది. స్టోక్సే కాజిల్ 13వ శతాబ్దంలో ఒక ఉన్ని వ్యాపారి కట్టించుకున్న ఇల్లు. దూలాల ఇళ్ల మీద మనసుపడ్డవాళ్లు అది చూడకుండా ఉండకూడదు.

మీ ఊరివాడికి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ష్రూస్‌బరీ స్క్వేర్‌లో నిలబెట్టిన విగ్రహం రాబర్ట్ క్లైవ్‌ది. అతను పుట్టింది ఈ కౌంటీలోనే, 1725లో. సమాధి మోర్టన్ సే చర్చిలో ఉంది. 1758లో బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని ఉత్తర సర్కారుల మీదికి పంపింది అతనే. మీ గోదావరి ప్రాంతంలోని చందుర్తి దగ్గర, విజయనగరం రాజు ఆనంద గజపతి అండతో, ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. మరుసటి ఏడాది మచిలీపట్నం పడిపోయింది. సర్కారు జిల్లాలు కంపెనీ చేతికి వెళ్లే దారి అక్కడే తెరుచుకుంది. 2020లో ఆ విగ్రహం తీసేయాలని వేలమంది సంతకాలు పెట్టారు. కౌన్సిల్ ఉంచాలనే తీర్మానించింది. ఉంచారు సరే, చందుర్తి పేరు మన పిల్లలకి మనమైనా చెప్పాలి కదా.

సరిహద్దు దాటి వేల్స్‌లోకి వెళ్తే పొవిస్ కాజిల్ వస్తుంది. క్లైవ్ కుటుంబం ఇండియా నుంచి తెచ్చుకున్న టిప్పు సుల్తాన్ డేరా అక్కడుంది. క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడే 1800లో నిజాం రాయలసీమ జిల్లాలని కంపెనీకి వదులుకున్నాడు. కడప, కర్నూలు వాళ్లు ఎవరైనా వస్తే వాళ్లనీ తీసుకెళ్లు.

ఏటా సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ అని జరుగుతాయి. మామూలుగా మూసి ఉంచే పాత భవనాలు కొన్ని ఆ రోజుల్లో ఉచితంగా తెరుస్తారు. ఈలోపు సర్వే రిపోర్టు వస్తే, మీ పేరూ అడ్రసూ తీసేసి, దూలాలూ చెమ్మా గురించి రాసిన పేజీలు ఇక్కడ పెట్టు. చదివి, బేరం ఎంత తగ్గించమని అడగాలో కూర్చుని మాట్లాడదాం.