బేర్స్ ఇయర్స్ మాన్యుమెంటును అక్కడివారు ఎందుకు వద్దంటున్నారు?

కృష్ణాతీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము సాల్ట్ లేక్ సిటీకి వచ్చి రెండేళ్ళయింది. గత నెలలో పిల్లలతో కలిసి యూటా రాష్ట్రానికి ఆగ్నేయ మూలనున్న శాన్ వాన్ కౌంటీకి వెళ్ళి, బేర్స్ ఇయర్స్ నేషనల్ మాన్యుమెంట్ (అధ్యక్షుడి ప్రకటనతో ఏర్పడిన రక్షిత ప్రాంతం) చూసి వచ్చాము. ఎర్రరాతి చరియల నీడలో ప్యూబ్లో ఆదివాసుల పూర్వికులు వందల ఏళ్ళ కిందట కట్టుకున్న ఇళ్ళూ, ధాన్యపు గాదెలూ, బండల మీద వారి అరచేతి ముద్రలూ చూసినప్పుడు మా ఇంట్లో అందరం చాలాసేపు మాట్లాడలేకపోయాము.

ఆ రాత్రి బ్లాండింగ్ ఊళ్ళో బస చేశాము. భోజనం దగ్గర పరిచయమైన ఒక పెద్దాయన, తన తాత కాలం నుంచి ఆ కొండల్లోనే పశువులను మేపుకుంటున్నామనీ, ఈ మాన్యుమెంటు తమ ఊరి మీద పడిన భారమనీ ఎంతో బాధతో చెప్పారు. ఆయన మాటల్లో కోపం కన్నా దిగులే ఎక్కువగా కనిపించింది. నాకు అర్థం కానిదల్లా ఒక్కటే. ఆ భూమి మాన్యుమెంటు రాకముందు నుంచీ ఫెడరల్ ప్రభుత్వానిదే. ఉన్న మేత అనుమతులు కొనసాగుతాయని, మాన్యుమెంటును ఏర్పరచిన 2016 నాటి ప్రకటనలోనే రాసి ఉంది. ఎవరి సొంత పొలమూ పోలేదు. అలాంటప్పుడు ఈ వ్యతిరేకతకు అసలు మూలం ఎక్కడ ఉంది? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

పాతికేళ్ళ యూటా:

కృష్ణాతీరం గారూ, ఆ పెద్దాయన మాటలు మీరు శ్రద్ధగా విన్నందుకు సంతోషం. నేను ఈ రాష్ట్రంలో పాతికేళ్ళుగా ఉంటున్నాను. మాన్యుమెంటు ఉండాలనే కోరుకునేవాడిని. అయినా వ్యతిరేకించేవారి వాదనలో నిజం లేదని చెప్పలేను.

యూటాలో దాదాపు మూడింట రెండు వంతుల భూమి ఫెడరల్ ప్రభుత్వానిది. శాన్ వాన్ కౌంటీలోనైతే సొంత యాజమాన్యంలో ఉన్నది నూటికి 8 ఎకరాల చొప్పునే ఉంటుంది. మిగిలిన దాని మీద కౌంటీకి ఆస్తి పన్ను రాదు. అందుకు బదులుగా 1976 చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం ఏటా కొంత సొమ్ము చెల్లిస్తుంది. పశువుల కాపరి ఏటా పుల్లరి కట్టి, ఫెడరల్ అధికారి ఇచ్చిన అనుమతి పత్రంతో మందను తోలుకుపోతాడు. ఆ పుల్లరి ఎక్కువేమీ కాదు, 2025లో ఆవూ దూడా కలిపి నెలకు 1.35 డాలర్లు మాత్రమే. అయితే వాళ్ళ భయం పుల్లరి గురించి కాదు. అనుమతి పత్రం ఉంటుంది గానీ, రేపు నిర్వహణ ప్రణాళిక మారితే ఏ బాట మూసేస్తారో, ఏ చెలమ దగ్గరకు బండి వెళ్ళనివ్వరో, ఎన్ని పశువులను తగ్గించమంటారో తమ చేతిలో ఉండదన్నదే ఆ భయం.

దీనికి 1996 నాటి గాయం తోడయింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 18న అధ్యక్షుడు క్లింటన్, యూటాలోని 17 లక్షల ఎకరాలను గ్రాండ్ స్టెయిర్‌కేస్-ఎస్కలాంటే మాన్యుమెంటుగా ప్రకటించారు. ఆ సంతకం చేసింది యూటాలో కాదు, పక్క రాష్ట్రమైన అరిజోనాలో, గ్రాండ్ కేన్యన్ అంచున నిలబడి. రాష్ట్ర గవర్నరుకు సైతం చివరి గడియ దాకా సంగతి ఖాయంగా చెప్పలేదు. కైపరోవిట్స్ పీఠభూమిలో రానున్న బొగ్గు గని మీద ఆశ పెట్టుకున్న కానబ్ ఊరివాళ్ళు ఆ రోజు నల్ల బుడగలు గాలిలోకి వదిలి నిరసన తెలిపారు. ఆ శరత్తులోనే కొన్ని కౌంటీలవారు యంత్రాలు తెచ్చి, ఫెడరల్ భూముల్లోని పాత బాటలను చదును చేసి, అవి తమ రోడ్లేనని చాటుకున్నారు. అది కోర్టుకెక్కి ఏళ్ళ తరబడి నడిచింది.

బయటివారు దాదాపుగా పట్టించుకోని మరో విషయం బడి భూములు. 1896లో యూటా రాష్ట్రమైనప్పుడు, ప్రతి టౌన్‌షిప్‌లోని 36 చదరపు మైలు గళ్ళలో (టౌన్‌షిప్ అంటే భూమి సర్వేలో ఆరు మైళ్ళ చదరం) 2, 16, 32, 36 అంకెల గళ్ళను పాఠశాలల ఆదాయం కోసం రాష్ట్రానికి ఇచ్చారు. అందువల్ల పటం మీద ఫెడరల్ భూమి నడుమ రాష్ట్రపు గళ్ళు చదరంగపు పలకలా చెదురుమదురుగా ఉంటాయి. చుట్టూ మాన్యుమెంటు వచ్చి పడితే ఆ గడిలో గని తవ్వేవాడూ రాడు, కొనేవాడూ రాడు. ఆ మేరకు బడిపిల్లల నిధికి గండి పడుతుంది. గ్రాండ్ స్టెయిర్‌కేస్ విషయంలో 1998లో కాంగ్రెస్ భూమార్పిడి చట్టం చేసి, రాష్ట్రానికి వేరేచోట భూములూ గనుల హక్కులూ, వాటితో పాటు 5 కోట్ల డాలర్లూ ఇచ్చి సర్దుబాటు చేసింది. బేర్స్ ఇయర్స్ హద్దుల్లోనూ అలాంటి బడి భూములు లక్ష ఎకరాలకు పైగానే ఉన్నాయి. సంప్రదింపులు ముందే జరిగి ఉంటే ఇలాంటి సర్దుబాట్లు ప్రకటనతో పాటే వచ్చేవని నా నమ్మకం.

చరిత్ర విద్యార్థి:

పై సమాధానానికి ఒక పాత ఉదాహరణ చేర్చాలనిపించింది. ఈ ప్రకటనలన్నిటికీ ఆధారం 1906 నాటి పురావస్తు సంరక్షణ చట్టం. దాని ప్రకారం అధ్యక్షుడు కాంగ్రెస్ అనుమతి లేకుండానే, ఫెడరల్ భూమిలోని చారిత్రక, శాస్త్రీయ విలువ గల చోట్లను ప్రకటించవచ్చు. అయితే సంరక్షణకు అవసరమైనంత తక్కువ విస్తీర్ణానికే పరిమితం కావాలి. ఆ "తక్కువ" ఎంత అన్నదాని మీదే నూరేళ్ళకు పైగా తగాదా నడుస్తోంది. 1908లో గ్రాండ్ కేన్యన్‌ను 8 లక్షల ఎకరాలతో ప్రకటిస్తే, గని హక్కులు ఉన్నాయని చెప్పుకున్న ఒక స్థానిక నాయకుడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1920లో ఓడిపోయాడు.

మరింత ఆలోచింపజేసేది వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్ హోల్ కథ. టీటన్ పర్వతాల కింది లోయలో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్, తన పేరు బయటపడకుండా ఒక కంపెనీ ద్వారా సుమారు 35 వేల ఎకరాలు కొన్నారు. పార్కు కోసం ఇస్తానంటే, స్థానికుల వ్యతిరేకత వల్ల కాంగ్రెస్ ఏళ్ళ తరబడి తీసుకోలేదు. చివరికి 1943లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ ప్రాంతాన్ని మాన్యుమెంటుగా ప్రకటించారు. ఆ మే నెలలోనే అక్కడి పశుపాలకులు సినిమా నటుడు వాలెస్ బీరీని వెంటబెట్టుకుని, అనుమతి లేకుండా కొన్ని వందల పశువులను ఆ భూముల గుండా తోలుకుపోయారు. కాంగ్రెస్ రద్దు బిల్లు ఆమోదించినా రూజ్‌వెల్ట్ సంతకం చేయలేదు. 1950లో రాజీ కుదిరి అది గ్రాండ్ టీటన్ జాతీయ పార్కులో కలిసింది. మేత హక్కులకు గడువులు ఇచ్చారు; కోల్పోయిన పన్నుకు కౌంటీకి పరిహారం ఇచ్చారు; కాంగ్రెస్ అనుమతి లేకుండా వయోమింగ్‌లో మరే మాన్యుమెంటూ ప్రకటించరాదని చట్టంలో రాశారు. ఆ నాడు పశువులను తోలినవారిలో ఒకరైన క్లిఫర్డ్ హాన్సెన్ తర్వాత గవర్నరు, సెనేటరు అయ్యారు. తాను ఆనాడు పొరబడ్డానని ఆయనే బహిరంగంగా ఒప్పుకున్నారు.

దీన్ని చూపి, స్థానికులు ఎప్పటికైనా మెత్తబడతారని చాలామంది అంటారు. నేను అలా అనుకోను. అక్కడ మనసులు మారడానికి ఆ రాజీలోని హామీలు ఎంతో తోడ్పడ్డాయి.

నాలుగు కొండల నేల:

నేను కొన్నేళ్ళు ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతమైన నవాహో నేషన్‌లోని ఒక బడిలో పనిచేశాను. పై రెండు సమాధానాల్లో ఒక పెద్ద లోటు ఉంది, మన్నించి వినండి. "స్థానికులు" అనగానే బ్లాండింగ్ పశుపాలకులే మీకు గుర్తుకొస్తున్నారు. శాన్ వాన్ కౌంటీ జనాభాలో సుమారు సగం మంది ఆదివాసులే. మాన్యుమెంటుకు పేరిచ్చిన జంట కొండలను నవాహోలు షాష్ జా అంటారు, ఎలుగుబంటి చెవులు అనే అర్థం. హోపీ, యూట్, జూనీ భాషల్లోనూ వాటి పేరుకు అదే అర్థం. నవాహో నాయకుడు మాన్యుయెలిటో పుట్టింది ఆ కొండల దరినే. అక్కడి పెద్దలు ఇప్పటికీ ఔషధ మూలికలకూ, వంటచెరకుకూ, ప్రార్థనలకూ అక్కడికి వెళ్తారు.

హోపీ, నవాహో, జూనీ, యూట్ మౌంటెన్ యూట్, యింటా-ఊరే యూట్ తెగలు అయిదూ 2015లో ఒక కూటమిగా ఏర్పడి, 19 లక్షల ఎకరాలను రక్షించమని కోరాయి. 2016 డిసెంబరు 28న ఒబామా ప్రకటించింది 13.5 లక్షల ఎకరాలు. సమాధులను తవ్వి కుండలూ బుట్టలూ దొంగిలించి అమ్ముకోవడం ఆ ప్రాంతంలో తరాలుగా సాగింది; తమ పూర్వికుల ఎముకలు చెల్లాచెదురై పడి ఉండటం చూసినవారి బాధ నుంచి ఆ విన్నపం పుట్టింది. అందుచేత ఇది వాషింగ్టన్‌కూ ఊరికీ మధ్య గొడవ అని చెప్పడం సగం నిజమే.

ఆదివాసులందరిదీ ఒకే మాట కాదన్నదీ చెప్పాలి. నాటి కౌంటీ కమిషనరు (కౌంటీ పాలక మండలి సభ్యురాలు) రెబెకా బెనల్లీ నవాహో మహిళే; కట్టెలు తెచ్చుకోవడానికీ మూలికలు ఏరుకోవడానికీ రేపు ఆంక్షలు పెడతారేమోనన్న శంకతో ఆమె గట్టిగా వ్యతిరేకించారు. ప్రభుత్వపు మాటలు తప్పడం ఎన్నోసార్లు చూసిన జాతికి ఆ శంక రావడం సహజం. కానీ కౌంటీ గొంతు అంటే ఎవరి గొంతన్నదీ అడగాలి. యూటాలో రిజర్వేషన్లలో, అంటే తమకు కేటాయించిన ప్రాంతాల్లో, ఉండే ఆదివాసులకు ఓటు హక్కు వచ్చిందే 1957లో. కౌంటీ నియోజకవర్గాల హద్దులు రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ కోర్టు తేల్చి, కొత్త హద్దులు గీయించాక, 2018 ఎన్నికల్లో కమిషన్‌లో తొలిసారి నవాహోలకు ఆధిక్యం వచ్చింది. ఆ తర్వాత మాన్యుమెంటు మీద కౌంటీ వైఖరే మారిపోయింది.

కృష్ణాతీరం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. బడి భూముల సంగతీ, ఓటు హక్కు సంగతీ నాకు బొత్తిగా తెలియవు. ఒక్క సందేహం మిగిలింది. ఒక అధ్యక్షుడు ప్రకటించినదాన్ని తర్వాతి అధ్యక్షుడు తగ్గించగలడా?

చరిత్ర విద్యార్థి:

తగ్గించారు కూడా. 2017 డిసెంబరు 4న ట్రంప్ సాల్ట్ లేక్ సిటీకి వచ్చి బేర్స్ ఇయర్స్‌ను సుమారు 85 శాతం తగ్గించారు, గ్రాండ్ స్టెయిర్‌కేస్‌ను దాదాపు సగం చేశారు. 2021 అక్టోబరు 8న బైడెన్ రెంటినీ మునుపటి హద్దులకు తెచ్చారు. 1906 చట్టంలో ప్రకటించే అధికారం రాసి ఉంది గానీ రద్దు చేసే మాట లేదు. అధ్యక్షుడికి ఆ అధికారం లేదని 1938లో అటార్నీ జనరల్ అభిప్రాయపడ్డారు. ఉందని 2025లో న్యాయశాఖ అభిప్రాయపడింది. 2017 నాటి కోత మీద వేసిన దావాలు తీర్పు దాకా రానేలేదు. 2021 పునరుద్ధరణ మీద యూటా వేసిన దావాను 2023లో జిల్లా కోర్టు కొట్టివేస్తే, రాష్ట్రం అప్పీలుకు వెళ్ళింది.

పాతికేళ్ళ యూటా:

నాలుగు కొండల నేల గారు చూపిన లోటును ఒప్పుకుంటున్నాను; నేను రాసినదాంట్లో ఆ సగం జనం లేరు. కృష్ణాతీరం గారూ, ఈసారి వెళ్ళినప్పుడు బ్లఫ్ అనే ఊరి దాకా వెళ్ళండి. అక్కడ అయిదు తెగల కూటమికి తోడ్పడే స్వచ్ఛంద సంస్థ నడిపే విద్యా కేంద్రం ఉంది. బ్లాండింగ్‌లో ఆ పెద్దాయన మళ్ళీ కలిస్తే, ఆయన మందను తోలుకెళ్ళే బాట ఇంకా తెరిచే ఉందో లేదో అడిగి ఇక్కడ రాయండి.