పర్లాకిమిడి నుంచి డిగ్రీకి: విశాఖ సెయింట్ జోసెఫ్స్, విజయవాడ మారిస్ స్టెల్లా, చెన్నై స్టెల్లా మారిస్... ఏం చూసి ఎంచుకోవాలి?

కిమిడి నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఒడిశా బోర్డులో ప్లస్ టూ కామర్స్ రాయబోతోంది. ఊళ్లోనే కృష్ణచంద్ర గజపతి కాలేజీ ఉంది, 1896 నాటిది, ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, కూడా అక్కడే కానిచ్చేద్దామని నా లెక్క. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఆడపిల్లను బయటికి పంపితే సిస్టర్ల కాలేజీకే పంపాలని వాళ్లమ్మ పట్టు. విశాఖలో ఉన్న మా చెల్లెలు సెయింట్ జోసెఫ్స్ అంటుంది, బావమరిది విజయవాడ మారిస్ స్టెల్లా అంటాడు, ట్యూషన్ మాస్టారేమో చెన్నై స్టెల్లా మారిస్ తప్ప ఇంకో పేరు ఎత్తడు. అన్నీ క్యాథలిక్ కాలేజీలే కదా, తేడా ఏముంటుంది, దగ్గర్లో ఉన్నదానికి అప్లై చేసి ఊరుకుంటే పోదా? మేం హిందువులం, అదేమైనా అడ్డమా? తెలిసినవాళ్లు చెప్పండి.

బరంపురం మాస్టారు:
"అన్నీ క్యాథలిక్ కాలేజీలే కదా" అన్నారు చూడండి, పేచీ అక్కడే ఉంది. మన ప్రాంతంలో ముందు సెయింట్ అని ఉంటే చాలు, అది ఫాదర్లదో సిస్టర్లదో అనుకుంటారు. బోలెడు ప్రైవేటు స్కూళ్లు ఆ పేరు తగిలించుకున్నాయి, చర్చికీ వాటికీ ఏ సంబంధమూ ఉండదు. ఇక క్రైస్తవ కాలేజీ అంటే క్యాథలిక్ కాలేజీ అనీ కాదు. గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ లూథరన్ వాళ్లది, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ, నాగపూర్ హిస్లాప్ స్కాటిష్ మిషనరీలు పెట్టినవి, ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ ఆంగ్లికన్ వాళ్లది.

మీరు చెప్పిన మూడూ క్యాథలిక్కే, కానీ యాజమాన్యాలు వేరు. విశాఖ సెయింట్ జోసెఫ్స్ 1958లో యానెసీ సెయింట్ జోసెఫ్ సిస్టర్లు పెట్టింది, ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉంది. విజయవాడ మారిస్ స్టెల్లా 1962, చెన్నై స్టెల్లా మారిస్ 1947. ఈ రెండూ ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సిస్టర్లవే అయినా ఒకటి కృష్ణా యూనివర్సిటీ, రెండోది మద్రాస్ యూనివర్సిటీ. సిస్టర్ల సంఘం ఒకటే కాబట్టి చదువూ ఒకటే అనుకోకండి. మూడూ అటానమస్, అంటే సిలబస్, పరీక్ష కాలేజీవి, పట్టా మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. అంచేత మీరు పోల్చాల్సింది సిస్టర్లను కాదు, ఆ కాలేజీలో కామర్స్ డిపార్ట్‌మెంట్‌ను.

అక్కడ ముందు అడగాల్సిన మాట ఒకటుంది, నూటికి తొంభై మంది అడగరు. అమ్మాయికి వచ్చే సీటు ఎయిడెడ్ సెక్షన్‌లోదా, సెల్ఫ్ ఫైనాన్స్‌దా? ఎయిడెడ్ అంటే లెక్చరర్ల జీతం ప్రభుత్వం ఇస్తుంది, సెల్ఫ్ ఫైనాన్స్ అంటే ఖర్చంతా పిల్లల ఫీజుల నుంచే. ఒకే గేటు, ఒకే యూనిఫాం, ఒకే బీకాం, ఫీజు మాత్రం రెండు మూడు రెట్లు తేడా ఉండొచ్చు. చెన్నైలో కొన్నిచోట్ల ఇది షిఫ్ట్ రూపంలో కనిపిస్తుంది, రెండో షిఫ్ట్ మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా సాగుతుంది. ఆంధ్రాలో 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని వెనక్కి తీసుకునే పని మొదలుపెట్టినప్పుడు పిల్లలు రోడ్డెక్కారు, గుర్తుండే ఉంటుంది. అదంతా ఫీజు భయంతోనే. కాబట్టి నాలుగేళ్ల కిందట చదివినవాళ్లు చెప్పే ఫీజు లెక్క మీకు పనికిరాదు.

గుణుపురం అమ్మాయి:
మాస్టారు గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే గానీ ఆడపిల్లకు అసలు సంగతి హాస్టల్. నేను మూడేళ్లు సిస్టర్ల హాస్టల్లో ఉన్నాను, ఏ కాలేజీయో చెప్పను. డిపార్ట్‌మెంట్ బాగుందని చేరి, హాస్టల్ పడక మొదటి సెమిస్టర్‌లోనే పెట్టె సర్దుకున్న పిల్లలను చూశాను. మా దగ్గర విజిటర్ కార్డు ఉండేది. చేరిన రోజున నాన్న, అమ్మ, ఇంకొక్కరి ఫొటో అంటించి వార్డెన్ సిస్టర్ సంతకం పెట్టేవారు. ఆ కార్డులో లేని మనిషి దేవుడొచ్చినా గేటు బయటే. మా సొంత చిన్నాన్న గుణుపురం బండెక్కి ఒక సంచి నిండా పనసకాయ చిప్స్, పచ్చళ్లు మోసుకొస్తే వాచ్‌మన్ సంచి తీసుకుని పేరు రాసుకుని ఆయన్ని పంపించేశాడు. నేను మేడ మీద నుంచి చెయ్యి ఊపాను, అంతే. ఇంటికి పోవాలన్నా నాన్న ముందు ఫోన్ చేయాలి, ఆ నంబరు కార్డులో ఉన్నదే అయి ఉండాలి.

ఇది మంచిదా చెడ్డదా అంటే మా అమ్మకు మంచిది, నాకు నరకం. కిమిడి నాన్న గారూ, మీ ఆవిడ గారిని కాదు, అమ్మాయిని అడగండి. రైలు లెక్క కూడా చూడండి. పర్లాకిమిడి మీదుగా గుణుపురం-విశాఖ బండి ఉంది, సెయింట్ జోసెఫ్స్ ఉన్న జ్ఞానాపురం స్టేషన్‌కు ఆనుకునే ఉంటుంది, దసరాకు పిల్ల ఒక్కతే వచ్చేయగలదు. విజయవాడ, చెన్నై అయితే విశాఖలోనో పలాసలోనో బండి మారాలి, పండగల్లో రిజర్వేషన్ దొరకడం గగనం.

జయపురం కుర్రాడు:
ఇంత దూరం ఆలోచించడం ఎందుకండీ, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్, అదే కేంద్రం కాలేజీలకిచ్చేది, చూడండి చాలు. లయోలా చెన్నై, కోల్‌కతా సెయింట్ జేవియర్స్ తరచూ మొదటి పదిలో ఉంటాయి. చెన్నై పేరుంటే ఉద్యోగం ఇచ్చేవాడు రెజ్యూమె చదువుతాడు. విశాఖ అంటే పక్కూరే కదా, అక్కడికి పోయి ఏం లాభం?

బరంపురం మాస్టారు:
బాబూ, ఆ ర్యాంకు కాలేజీ మొత్తానికి, బీకాంకు కాదు. పైగా అందులో 10 శాతం మార్కులు పర్సెప్షన్‌కే, అంటే జనం ఏమనుకుంటున్నారు అన్నదానికి. పాత పేరున్న కాలేజీకి అవి ఊరికే పడతాయి. మిగతా అంకెలు కూడా చాలావరకు కాలేజీలు నింపి పంపినవే. న్యాక్ గ్రేడూ (నాణ్యత తనిఖీ చేసి ఇచ్చేది) అంతే, కాలేజీ మొత్తానికి. గోడ మీద ఏ ప్లస్ అని పెద్ద అక్షరాలతో రాస్తారు, ఏ సంవత్సరం ఇచ్చారో కింద చిన్నగా ఉంటుంది, గ్రేడుకు మామూలుగా అయిదేళ్లే గడువు. దాని బదులు కిందటేడాది బీకాం చివరి సంవత్సరం పిల్లలు ఎక్కడికి వెళ్లారు, సీఏ ఇంటర్ ఎంతమంది పాసయ్యారు అని డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి అడగండి. చెప్పడానికి నీళ్లు నమిలితే ఆ ర్యాంకు ఎంత ఉన్నా నాకు అక్కర్లేదు.

జయపురం కుర్రాడు:
నీళ్లు నమలని కాలేజీ ఏదైనా ఉంటే పేరు చెప్పండి సార్, మేమూ చేరతాం. మాలాంటి ఊళ్ల నుంచి పోయేవాళ్లకు పేరే కదా పెట్టుబడి. జయపురం అంటే రాజస్థాన్ జైపూరా అని అడుగుతారు ఇంటర్వ్యూలో. అక్కడ లయోలా అన్న మాటే నన్ను కాస్త నిలబెట్టింది. మీరు సొంత ఊళ్లో మాస్టారు, మీకు ఆ టెన్షన్ తెలియదు.

రాయగడ అకౌంటెంట్:
పేరు సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నేను డబ్బు సంగతి చెబుతాను. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ కాగితం మీద ఒడిశావాళ్లు. ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంట్ మనకు రాదు. కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వం కౌన్సెలింగ్ పెట్టి నింపేవాటిలో, 85 శాతం స్థానికులకే, స్థానికులు అనాలంటే ప్లస్ టూ దాకా వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. పాతపట్నంలో అత్తగారిల్లు ఉందనో, కాలవ దాటితే ఆంధ్రాయే అనో చెబితే నడవదు. పక్కింటి విశాఖ అమ్మాయి ఉచితంగా చదివే సీటుకు మీరు పూర్తి ఫీజు కట్టాల్సి రావచ్చు, ముందే లెక్క వేసుకోండి.

ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కాస్త ఊరట ఉంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ సొంత రాష్ట్రం ఇస్తుంది, బయట చదివినా ఒడిశా పోర్టల్‌లోనే పెట్టుకోవాలి. మన గజపతి, రాయగడ జిల్లాల్లో క్రైస్తవులైన సవర కుటుంబాలు చాలా ఉన్నాయి కదా, మతం మారితే ఎస్టీ పోతుందని కొందరు భయపడి దరఖాస్తే పెట్టరు. ఎస్టీకి మతంతో సంబంధం లేదు. ఎస్సీకే ఆ మెలిక ఉంది, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవంలోకి మారితే ఆ హోదా పోతుంది. ఇంకో మాట, ఈ క్యాథలిక్ కాలేజీల్లాంటి మైనారిటీ కాలేజీలకు రిజర్వేషన్ రూలు తప్పనిసరి కాదు, రాజ్యాంగం 15(5) వాటిని మినహాయించింది. కోటా ఉందనుకుని ధీమాగా ఒక్కచోటే అప్లై చేసి కూర్చోకండి.

కాషన్ డిపాజిట్ రసీదు జాగ్రత్త. మా వాడు ఒక కాలేజీలో చదువు ముగించి ఏడాది తిరిగినా రసీదు లేదన్న వంకతో తిరిగి ఇవ్వలేదు. చిన్న మొత్తమే గానీ ఒళ్లు మండింది.

నరసన్నపేట బాబాయ్:
అందరూ అసలు ప్రశ్న వదిలేశారు. ఆయన హిందువులం అన్నాడు. మూడేళ్లు అక్కడుంటే పిల్ల ఎలా తిరిగొస్తుందో ఎవరైనా హామీ ఇస్తారా?

గుణుపురం అమ్మాయి:
నేను బొట్టుతో వెళ్లి బొట్టుతోనే వచ్చాను బాబాయ్. మాకు వారానికో పీరియడ్ ఉండేది. క్యాథలిక్ పిల్లలు కేటకిజం క్లాసుకు, అంటే వాళ్ల మత పాఠానికి, వెళ్లేవారు, మిగతావాళ్లం వాల్యూ ఎడ్యుకేషన్ అని ఇంకో గదిలో కూర్చునేవాళ్లం, సగం మంది రికార్డులు రాసుకునేవారు. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన వినిపిస్తుంది, నిలబడతాం, అది నిజం. వినాయక చవితికి గదిలో దీపం పెట్టనివ్వలేదు, నిప్పు భయం అన్నారు, క్రిస్మస్‌కు మాత్రం క్యాంపస్ నిండా లైట్లు. నాకు అది గుచ్చుకుంది, దాచను. కానీ ఎవరూ నన్ను మారమని అడగలేదు.

బరంపురం మాస్టారు:
చట్టం కూడా చెప్పేస్తాను. రాజ్యాంగం 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేక సాయం ఉన్న ఏ విద్యాసంస్థలోనూ మత బోధనకో ఆరాధనకో బలవంతంగా కూర్చోబెట్టకూడదు, మైనర్ అయితే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. సీట్ల విషయం అంటారా, సొంత మతంవాళ్లకు కొన్ని ఉంచుకునే హక్కు వాళ్లకుంది, ప్రభుత్వ సాయం తీసుకునే మైనారిటీ కాలేజీ ఇతరులకూ సీట్లివ్వాల్సిందే. 2002లో టీఎంఏ పాయ్ కేసులో 11 మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది ఇదే.

నరసన్నపేట బాబాయ్:
చట్టాలు పుస్తకంలో ఉంటాయి మాస్టారూ. సరే, ఆ అమ్మాయి చెప్పింది కాబట్టి నమ్ముతాను.

కిమిడి నాన్న:
చాలా థాంక్సండీ. అమ్మాయిని అడిగాను. హాస్టల్ రూల్స్‌తో ఇబ్బంది లేదట, ఫోన్ ఉంటే చాలట. చెన్నై అంటే మాత్రం ముఖం వెలిగింది. నాకున్న బెంగ వేరే. ఇక్కడ స్కూల్లో ఒడియానే చదివింది, తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది గానీ రాయడం రాదు, కూడబలుక్కుని చదువుతుంది. సెకండ్ లాంగ్వేజ్ ఏం చేయాలి? అప్లికేషన్లు ఎప్పుడు?

బరంపురం మాస్టారు:
ఇది మొదటే చెప్పాల్సింది. ఆంధ్రా కాలేజీల్లో ఒడియా దొరకడం కష్టం, తెలుగు తీసుకుంటే పద్యాలు, వ్యాకరణం అన్నీ ఇంటర్ దాకా తెలుగు చదివిన పిల్లలతో సమానంగా రాయాలి. ఏడో తరగతి దాకా హిందీ చదివి ఉంటే హిందీ మేలు. చెన్నైలో హిందీ, ఫ్రెంచ్ లాంటివి ఉంటాయి గానీ తమిళం ఎప్పుడూ చదవనివాళ్లు బేసిక్ తమిళం ఒక పేపరు చేయాల్సి ఉంటుంది. భయపడేంత కాదు, అక్షరాల దగ్గర నుంచే మొదలుపెడతారు.

తేదీలు చూడండి. 2024లో ఆంధ్రా ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వచ్చాయి, తమిళనాడు ప్లస్ టూ మే 6న, మనవి మే 26న. అక్కడివాళ్లు మార్కులు చేతిలో పెట్టుకుని సీట్లు తీసుకునే సమయానికి మన పిల్లలు ఇంకా ఎదురుచూస్తుంటారు. అందుకే మూడు చోట్లా అప్లై చేయండి, ఫలితాలకు ముందే. ఒడిశా బోర్డు పిల్లలకు ఫలితం వచ్చేదాకా సీటు ఆపుతారా అని ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. మన గజపతి కాలేజీకి కూడా శామ్స్ అనే ఒడిశా అడ్మిషన్ల పోర్టల్‌లో పెట్టండి, పోయేదేం లేదు. సీటు ఎక్కడొచ్చినా బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి.

జయపురం కుర్రాడు:
ముఖం వెలిగింది అన్నాక కూడా విశాఖేనా అంకుల్? చెన్నై ఎయిడెడ్ సీటు వస్తే పంపండి, సెల్ఫ్ ఫైనాన్స్ అయితే మాస్టారన్నట్టు ఫీజు లెక్క చూసుకోండి. ఇంతకన్నా నేను దిగను.