ప్లాస్మా పొర (కణం చుట్టూ ఉండే పొర) పాఠాన్ని ఇంట్లో పిల్లలకు ఎలా చూపించారు?

దిల్‌సుఖ్‌నగర్ తండ్రి:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. వెనిగర్‌లో పెంకు కరిగించిన గుడ్డు మంచినీటిలో ఉబ్బింది, చిక్కటి చక్కెర పాకంలో ముడుచుకుపోయింది. ‘నీరు దాటుతుంది, చక్కెర దాటలేదు, అంటే కణం పొర కూడా జల్లెడలాంటిదేనా నాన్నా?’ అని అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

తార్నాక ఉపాధ్యాయురాలు:
ముందుగా ఒక సవరణ అండీ. గుడ్డు పెంకు కింద ఉండేది ప్లాస్మా పొర కాదు, ప్రోటీన్ నారలు అల్లుకున్న పొర. ద్రవాభిసరణం, అంటే పొర గుండా నీరు చిక్కటి ద్రావణం వైపు వెళ్లడం, చూపడానికి అది బాగా పనికొస్తుంది కానీ, కణం పొర ఎలా ఉంటుందో దానితో తెలియదు. ఎర్ర రక్తకణాల నుంచి తీసిన కొవ్వు పదార్థం ఆ కణాల ఉపరితలానికి రెట్టింపు వైశాల్యం పరుచుకుంటుందని 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే శాస్త్రవేత్తలు గమనించి, పొరలో రెండు వరుసలున్నాయని చెప్పారు. ఫాస్ఫోలిపిడ్లు అనే ఈ కొవ్వు అణువుల తలలు బయట నీటివైపు, నీటికి దూరంగా ఉండే తోకలు లోపలివైపు తిరిగి ఉంటాయి. ఈ నూనె పొర జల్లెడ కాదు. ఆక్సిజన్ దీనిలోంచి సులభంగా వ్యాపనం చెందుతుంది, కొవ్వులో కరిగే స్టెరాయిడ్ హార్మోన్లు అంత పెద్దవైనా దాటిపోతాయి, చిన్నదైన సోడియం అయాన్ మాత్రం విద్యుదావేశం వల్ల ఆగిపోతుంది. దానికి ప్రోటీన్ ద్వారం కావాలి. నీటికి సైతం ఆక్వాపోరిన్లనే ప్రత్యేక మార్గాలున్నాయని కనుగొన్న పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ లభించింది.

మలక్‌పేట నర్సు:
ఆ ద్వారాల విలువ నేను వార్డులో రోజూ చూస్తాను. విరేచనాలైన పిల్లలకు తీపి పెట్టకూడదని కొందరు తల్లులు ఉత్త ఉప్పునీళ్లే తాగిస్తారు, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. చిన్నపేగు కణాల పొరలోని ఒక ప్రోటీన్, ఒక గ్లూకోజ్ అణువుతో పాటు రెండు సోడియం అయాన్లను కలిపి లోపలికి తీసుకుంటుంది, వాటి వెంటే నీరు వెళుతుంది. అందుకే ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్, సోడియం రెండూ ఉంటాయి, లీటరుకు 75 మిల్లీమోల్‌ల చొప్పున. లోపలికి చేరిన సోడియాన్ని మరో పంపు మూడేసి అయాన్లుగా బయటకు తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు ఖర్చయ్యే ఈ పనినే సక్రియా రవాణా అంటాము.

మెహిదీపట్నం గృహిణి:
అసలైన కణం పొరను చూపాలంటే బీట్‌రూట్ తీసుకోండి. ముక్కలను బాగా కడిగితే తెగిన కణాల రంగు పోతుంది. తరువాత చల్లటి నీటిలో వేస్తే రంగు పెద్దగా దిగదు, మరిగే నీటిలో వేస్తే పొరలు దెబ్బతిని నీరంతా ఎర్రబడుతుంది. మా అబ్బాయికి పుస్తకం కన్నా ఇదే బాగా అర్థమైంది.

దిల్‌సుఖ్‌నగర్ తండ్రి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి బీట్‌రూట్‌తో చేశాము, మీరన్నట్టే జరిగింది. అమ్మాయి తనంతట తానే ఒక ముక్కను ఫ్రీజర్‌లో పెట్టి, ఉదయం తీసి చల్లటి నీటిలో వేసింది. అది కూడా రంగు వదిలేసింది. లోపల ఏర్పడిన మంచు స్ఫటికాలు పొరలను చీల్చి ఉంటాయని తనే నాకు వివరించింది.