కొత్త పైన్ టీపాయికి పాత తలుపు రంగు ఎలా తేవాలి?

ప్రశ్న:
పాత టేకు తలుపు ఒకటి ఎండకూ వానకూ నాని బూడిద, గోధుమ కలిసిన రంగుకు తిరిగింది. దాని పక్కన పెట్టే పైన్ టీపాయికీ అదే తీరు కావాలి. వెనిగర్‌లో అంట్లు తోమే స్టీల్ పీచు వేసి 4 రోజులు ఉంచి పూశాను. నీళ్లు తేటగానే ఉన్నాయి, చెక్క రంగు మారనే లేదు. ఎక్కడ తప్పింది? టీ కప్పుల మరకలు పడకుండా పైన ఏం వేయాలి?

జవాబు 1:
తప్పు రెండు చోట్ల ఉందండి. అంట్లు తోమే మెరిసే పీచు చాలావరకు స్టెయిన్‌లెస్, వెనిగర్‌లో కరగదు. హార్డ్‌వేర్ షాపులో పాలిష్ వాళ్లు కొనే సన్న స్టీల్ వుల్ తీసుకోండి. దానికి నూనె ఉంటుంది కాబట్టి సబ్బు నీళ్లతో కడిగి, గుప్పెడు పీచును అర లీటరు తెల్ల వెనిగర్‌లో వేయండి. గ్యాస్ వస్తుంది, మూత బిగించొద్దు. రెండు రోజుల తర్వాత పలచటి గుడ్డలో వడగట్టండి.

రెండోది, ఇనుము ఒక్కటే రంగు ఇవ్వదు. చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిస్తేనే నలుపు తిరుగుతుంది. పైన్‌లో అది బాగా తక్కువ. అర లీటరు నీళ్లలో 5 చెంచాల టీ పొడి మరిగించి, చల్లార్చి ముందు అది పూయండి. పూర్తిగా ఆరాక ఇనప నీళ్లు, అంటే వడగట్టిన ఆ వెనిగర్. పూసినప్పుడు ఏమీ కనిపించదు, పావుగంటలో కళ్ల ముందే బూడిద రంగు ఎక్కుతుంది. తొందరపడి రెండో చేయి (రెండో పూత) వేయకండి.

జవాబు 2:
రంగు కంటే ముందు గరుకు ముఖ్యం. నున్నటి పలక మీద బూడిద రంగు వేస్తే పెయింట్‌లాగే ఉంటుంది. ఇత్తడి తీగల బ్రష్‌తో చారల వెంబడే గట్టిగా రుద్దండి, అడ్డంగా వద్దు. పైన్‌లో మెత్తటి లేత చార ఊడి, గట్టి ముదురు చార నిలుస్తుంది. పాత తలుపు మీద వేలికి తగిలే గీతలు అవే. ఇనప తీగల బ్రష్ వాడితే విరిగిన ముక్కలు చెక్కలో ఉండిపోయి, టీ తగలగానే నల్ల చుక్కలు పడతాయి.

అంచులు అన్నీ ఒకేలా అరగదీయకండి. చేయి ఆనే మూలలు, కాలు తగిలే కింది పట్టీ మాత్రమే. అతుకుల దగ్గర కారిన ఫెవికాల్‌ను ఉలితో గీకేయండి, అక్కడ రంగు పట్టదు.

ప్రశ్న అడిగినవారు:
టీ బదులు కరక్కాయ పొడి వాడొచ్చా? మిగిలిన ముక్క మీద వేస్తే సిరాలాగా నీలి నలుపు వచ్చింది.

జవాబు 1:
కరక్కాయలో టానిన్ చాలా ఎక్కువ. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ, పాలలో ముంచి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీతలు గీసేది ఈ గుణం వల్లే. మీకు కావాల్సింది బూడిద రంగు కాబట్టి టీతోనే ఆగండి. ఇనప నీళ్లలోనూ ఒకటికి రెండు వంతులు మామూలు నీళ్లు కలిపి మళ్లీ చూడండి. నల్లబడిన చోట లీటరు వేడి నీళ్లలో 50 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కలిపి పూస్తే నలుపు విరుగుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. తర్వాత రెండు మూడు సార్లు బాగా కడగాలి, కడగకుండా సాండ్ పేపర్ పట్టొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

జవాబు 3:
పైపూత సంగతి. లక్క పాలిష్ అందంగా ఉంటుంది గానీ వేడి కప్పు పెడితే తెల్ల వలయం పడుతుంది. టీపాయికి నీళ్లతో కలిపే మ్యాట్ పీయూ (మెరుపు లేని పాలీయురెథేన్ వార్నిష్) పలచగా మూడు చేతులు వేయండి. మొదటి చేయి ఆరాక లేచిన నారను 320 నంబరు సాండ్ పేపర్‌తో తేలిగ్గా తీయండి, అంచుల దగ్గర బరువు వేస్తే రంగు పోయి తెల్ల చెక్క బయటపడుతుంది. నూనె పీయూ పసుపు తిరుగుతుంది, బూడిద రంగు కాస్తా ఆకుపచ్చగా కనిపిస్తుంది. మైనం పూయాలనుకుంటే అన్నిటికన్నా చివర. దాని మీద పీయూ పట్టదు.

ఆరిన రంగు చూసి నిర్ణయించుకోకండి. ముక్క మీద తడి గుడ్డ పెట్టి చూడండి, పైపూత వేశాక దాదాపు ఆ ముదురే వస్తుంది.